ఊపు పెరిగితే లోలకం ఆలస్యం చేస్తుందా? పది డిగ్రీల నుంచి అరవై దాకా

లోలకం ఆవర్తన కాలం, అంటే అటూ ఇటూ ఒకసారి పూర్తిగా ఊగి రావడానికి (ఒక డోలనానికి) పట్టే సమయం, దాని పొడవు మీద, గురుత్వ త్వరణం మీద ఆధారపడుతుంది. గుండు బరువు మీద గానీ, కంపన పరిమితి (మధ్య నుంచి ఎంత వెడల్పుగా ఊగుతోంది అన్నది) మీద గానీ ఆధారపడదు. సైన్సు చదివినవాళ్లలో చాలామందికి ఈ వాక్యం కంఠస్థం. బరువు గురించి చెప్పింది నిజమే. కంపన పరిమితి గురించి చెప్పింది మాత్రం సగమే నిజం. లోలకాన్ని ఎంత వెడల్పుగా ఊపితే ఒక డోలనానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఎక్కువ ఎంత అన్నదే అసలు చిక్కు. చిన్న కోణాల దగ్గర అది ఎంత తక్కువంటే, స్టాప్‌వాచ్ నొక్కే వేలి తడబాటులోనే కలిసిపోతుంది. అందుకే ఊపు పెంచుతూ సమయం కొలిచే ప్రయోగం చేసిన చాలామంది "తేడా లేదు" అని రాసి ముగిస్తారు. నిజానికి తేడా ఉంది, వాళ్ల కొలతకు అందలేదంతే.

ముందు అంకెలు చూద్దాం. సరిగ్గా ఒక మీటరు పొడవున్న లోలకానికి, గురుత్వ త్వరణం 9.8 అనుకుంటే, అతి చిన్న ఊపులో ఆవర్తన కాలం 2.007 సెకన్లు. మధ్య స్థానం నుంచి 10 డిగ్రీల దాకా ఊగితే అది 2.011 అవుతుంది. 20 డిగ్రీలకు 2.022, 30కి 2.042, 45కి 2.087, 60కి 2.154. దారాన్ని అడ్డంగా, నేలకు సమాంతరంగా పట్టుకుని 90 డిగ్రీల నుంచి వదిలితే 2.369. శాతాల్లో చూస్తే 10 డిగ్రీల దగ్గర పెరుగుదల 0.19, 30 దగ్గర 1.7, 60 దగ్గర 7.3, 90 దగ్గర 18. కోణం రెట్టింపైతే తేడా దాదాపు నాలుగు రెట్లవుతుంది. కోణాన్ని డిగ్రీల్లో తీసుకుని దాని వర్గాన్ని 525తో భాగిస్తే పెరుగుదల శాతంలో వస్తుంది. 30 డిగ్రీల దాకా ఈ లెక్కను నమ్మొచ్చు.

అంతకన్నా పెద్ద కోణాలకు ఇంకో దగ్గరిదారి ఉంది. కోణంలో సగానికి కొసైన్ తీసుకుని, దానికి 1 కలిపి, 2ను ఆ మొత్తంతో భాగించాలి. వచ్చిన సంఖ్య చిన్న ఊపు ఆవర్తన కాలానికి ఎన్ని రెట్లో చెబుతుంది. 60 డిగ్రీలకు ఇలా 1.0718 వస్తుంది, అసలు విలువ 1.0732. చేతి లెక్కకు ఇంతకంటే అక్కర్లేదు. కచ్చితమైన విలువ కావాలంటే దీర్ఘవృత్త సమాకలని (మామూలు సూత్రాలకు లొంగని, పట్టికలతోనో కంప్యూటర్‌తోనో లెక్కించే ఒక సమాకలని) దగ్గరికి వెళ్లాలి.

దారి ఎక్కువ కాబట్టి కాదు

పెద్ద ఊపులో గుండు ఎక్కువ దూరం పోవాలి కాబట్టి ఎక్కువ సమయం పడుతుందని చాలామంది కారణం చెబుతారు. ఈ కారణం తప్పు. దూరం పెరిగినప్పుడు వేగం కూడా పెరుగుతుంది. మీటరు లోలకం 10 డిగ్రీల నుంచి దిగి అడుగుకు చేరేసరికి గుండు వేగం సెకనుకు సుమారు 0.55 మీటర్లు; 60 డిగ్రీల నుంచి దిగితే 3.1 మీటర్లు. వెనక్కి లాగే బలం కోణంతో సరిసమానంగా పెరిగితే, అంటే రెట్టింపు కోణానికి రెట్టింపు బలం ఉంటే, అదనపు దూరాన్ని అదనపు వేగం పూర్తిగా భర్తీ చేస్తుంది. అప్పుడు ఊపు ఎంతైనా సమయం ఒకటే. సరళ హరాత్మక చలనమంటే అదే.

లోలకం విషయంలో వెనక్కి లాగేది బరువులో చాపం వెంబడి ఉండే భాగం. అది కోణంతో కాదు, కోణపు సైన్‌తో పెరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర సైన్ విలువ 0.1736, రేడియన్లలో కోణం 0.1745; బలంలో లోటు అర శాతం. 30 డిగ్రీల దగ్గర లోటు నాలుగున్నర శాతం, 60 దగ్గర 17, 90 దగ్గర 36. అంటే ఊపు చివర్లలో గుండును వెనక్కి లాగాల్సినంత గట్టిగా లాగడం లేదు. అక్కడ అది కాస్త ఎక్కువసేపు తచ్చాడుతుంది. ఆలస్యమంతా అక్కడే పోగవుతుంది. చివరి బిందువు దగ్గరి లోటుతో పోలిస్తే ఆవర్తన కాలంలో తేడా చిన్నదిగా ఉండటానికి కారణం కూడా ఇదే: ఊపులో మిగతా భాగమంతా లోటు తక్కువగా ఉండే కోణాల్లోనే సాగుతుంది.

పెద్ద ఊపూ చిన్న ఊపూ ఒకే సమయం తీసుకుంటాయని గెలీలియో గట్టిగా నమ్మాడు. 1602లో గణితజ్ఞుడు గిడోబాల్డో దెల్ మోంతేకు రాసిన లేఖలో దాన్ని సమర్థించుకున్నాడు. 1630ల్లో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ పెద్ద ఊపులు ఆలస్యమవుతాయని గమనించాడు. గెలీలియో చేతిలో స్టాప్‌వాచ్ లేదన్నది గుర్తుంచుకుంటే ఆ నమ్మకాన్ని అర్థం చేసుకోవచ్చు. ఇవాళ చేతిలో స్టాప్‌వాచ్ పెట్టుకుని అదే నిర్ణయానికి రావడానికి కారణాలు వేరు.

తేడాను మింగేసేవి ఏమిటి

మొదటిది పొడవు. మీటరు దారంలో ఒక మిల్లీమీటరు మార్పు ఆవర్తన కాలాన్ని 0.05 శాతం మారుస్తుంది. 5 డిగ్రీల ఊపు తెచ్చే మొత్తం పెరుగుదల కూడా అంతే. ముడి దగ్గర దారం నాలుగు మిల్లీమీటర్లు జారిందంటే 10 డిగ్రీల ప్రభావానికి సరిపడా తేడా దొంగతనంగా వచ్చి చేరినట్టే. పైగా ఈ జారడం యాదృచ్ఛికంగా జరగదు. ఊపు పెరిగేకొద్దీ అడుగున దారం మీద తన్యత పెరుగుతుంది: 60 డిగ్రీల నుంచి దిగిన గుండు అడుగు దాటేటప్పుడు దారాన్ని తన బరువుకు రెండింతల బలంతో లాగుతుంది, 90 నుంచి దిగితే మూడింతలతో. సాగే నైలాన్ దారం వాడితే పెద్ద కోణాల్లో అది సాగి, కోణం వల్ల వచ్చిన ఆలస్యంలో సాగుడు వల్ల వచ్చిన ఆలస్యం కలిసిపోతుంది. రెండింటి దిశా ఒకటే కాబట్టి ఫలితం చూసి పట్టుకోవడం కష్టం.

అందుకని బాగా పేనిన, సాగని సన్నటి దారం తీసుకోవాలి. ప్రయోగానికి ముందు రాత్రి గుండు బరువుకు మూడింతల బరువు దానికి వేలాడదీసి ఉంచితే ముడులు బిగుసుకుంటాయి, సాగాల్సింది అప్పుడే సాగిపోతుంది. పొడవును వేలాడే బిందువు నుంచి గుండు కేంద్రం దాకా, గుండు వేలాడుతుండగానే కొలవాలి. నిజానికి ఈ ప్రయోగంలో పొడవు కచ్చితంగా తెలియాల్సిన అవసరం లేదు. అది మారకుండా ఉంటే చాలు. పెద్ద ఊపు ఆవర్తన కాలాన్ని చిన్న ఊపు ఆవర్తన కాలంతో భాగిస్తే పొడవు, గురుత్వ త్వరణం రెండూ కొట్టుకుపోతాయి.

రెండోది వేలాడదీసే చోటు. దారాన్ని గుండ్రటి కడ్డీకి చుట్టి కట్టడం అందరూ చేసే పని. ఊగేటప్పుడు దారం కడ్డీ వంపు మీద కొంచెం చుట్టుకుని, మళ్లీ విడుతూ ఉంటుంది. ఊగే భాగం పొడవు కోణంతో మారిపోతుంది. రెండుగా చీల్చిన బిరడా మధ్య దారం పెట్టి క్లాంపుతో బిగిస్తే మెరుగు, అదీ బిరడా అడుగు అంచులు పదునుగా, ఒకే మట్టంలో ఉంటేనే. అంచులు అరిగి గుండ్రంగా ఉంటే రెండు వైపులా దారం ఆ వంపు మీద ఆనుకుని పొట్టిదవుతుంది. పెద్ద ఊపులో పొట్టి దారం అంటే త్వరగా ఊగడం. అంటే మనం వెతుకుతున్న ఆలస్యాన్ని ఇది కొంత తినేస్తుంది. రెండు చదునైన లోహపు పలకల మధ్య బిగించడం అన్నింటికన్నా నమ్మకం. స్టాండును బల్లకు బిగించాలి. 60 డిగ్రీల ఊపుకు అది ఊగిసలాడుతోందంటే వేలాడే బిందువు కదులుతున్నట్టే, ఇక ఆ కొలత వాడకూడదు.

మూడోది గుండు. దాని బరువు ఆవర్తన కాలాన్ని మార్చదు గానీ, కంపన పరిమితిని నిలబెట్టేది అదే. మూడు సెంటీమీటర్ల ఉక్కు గుండు 60 డిగ్రీల నుంచి మొదలై పది డోలనాల్లో కొద్ది డిగ్రీలే కోల్పోతుంది. అదే పరిమాణంలో చెక్క గుండో ప్లాస్టిక్ బంతో అయితే గాలి నిరోధం దాన్ని త్వరగా దించేస్తుంది. 60 డిగ్రీల ఊపు కొలుస్తున్నామని అనుకుంటూ 40, 30 డిగ్రీల ఊపులనే కొలుస్తుంటాం.

కోణం పెట్టడం, వదలడం

కోణమానినిని వేలాడే బిందువు దగ్గర పట్టుకుని చదవడం కన్నా, గుండు పక్కకు జరిగిన అడ్డ దూరాన్ని స్కేలుతో కొలవడం మేలు. మీటరు లోలకానికి 10 డిగ్రీలంటే 17.4 సెంటీమీటర్లు, 20 అంటే 34.2, 30 అంటే 50, 45 అంటే 70.7. 60 దాటాక అడ్డ దూరం కోణంతో పెద్దగా మారదు కాబట్టి అక్కడ స్కేలు పనికిరాదు. లోలకం వెనక పెద్ద అట్ట మీద గీతలు గీసి, కన్ను గుండు ఎత్తులో ఉంచి చదవాలి.

గుండును చేత్తో వదిలితే వేళ్లు తెలియకుండానే దాన్ని పక్కకు నెడతాయి. గుండు గీతలో కాక అండాకారంలో తిరగడం మొదలుపెడుతుంది. ఇది చూడటానికి చిన్న లోపంలా ఉంటుంది గానీ, దాని ప్రభావం మన తేడాకు ఎదురు దిశలో ఉంటుంది. గుండు పూర్తి వృత్తంలో, శంకువు ఆకారంలో తిరిగితే ఆవర్తన కాలం పెరగదు, తగ్గుతుంది: 30 డిగ్రీల శంకువుకు దాదాపు 7 శాతం తక్కువ. అండాకారపు ఊపులో ఈ రెండూ కలగలిసి ఉంటాయి. దీనికి మందు పాతదే: గుండుకు సన్నటి నూలు పోగు కట్టి పక్కకు లాగి, ఆ పోగును స్టాండుకు కట్టేసి, గుండు పూర్తిగా కుదురుకున్నాక పోగును కాల్చాలి. పైనుంచి చూసినప్పుడు గుండు అండాకారంలో తిరుగుతుంటే ఆ కొలత వదిలేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ఎన్ని డోలనాలు లెక్కపెట్టాలి?

ప్రయోగం గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. అన్ని కోణాలకూ ఇరవై డోలనాలు అని పట్టికలో రాసుకోవడం అలవాటు. అది తప్పు పద్ధతి. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు మొదలూ చివరా కలిపి 0.1 సెకను దాకా అటూ ఇటూ అవుతుందనుకుందాం. పది డోలనాలు కొలిస్తే ఒక్కో డోలనానికి 0.01 సెకను అనిశ్చితి, అంటే అర శాతం. 30 డిగ్రీల దగ్గర పది డోలనాల్లో పోగయ్యే ఆలస్యం 0.35 సెకను, 60 దగ్గర దాదాపు ఒకటిన్నర సెకను. వీటిని పది డోలనాలతోనే సులువుగా పట్టుకోవచ్చు. 10 డిగ్రీల దగ్గర పది డోలనాల్లో ఆలస్యం 0.04 సెకను కూడా లేదు. అక్కడ యాభై డోలనాలు కొలవాలి, అదీ నాలుగైదు సార్లు.

చిన్న కోణాల్లో గుండు మెల్లగా కదులుతుంది కాబట్టి గాలికి కోల్పోయేదీ తక్కువే. యాభై డోలనాల తర్వాత కూడా భారమైన గుండు ఊపు పెద్దగా తగ్గదు. పెద్ద కోణాల్లో ఊపు గబగబా తగ్గుతుంది, అక్కడ యాభై కొలిస్తే ఏ కోణానికి కొలిచామో చెప్పలేం. కాబట్టి పెద్ద కోణానికి తక్కువ డోలనాలు, చిన్న కోణానికి ఎక్కువ. ప్రతి కొలతలో మొదటి కోణంతో పాటు చివరి కోణం కూడా రాసుకోవాలి. రెండింటి మధ్య తేడా తక్కువైతే సగటు కోణాన్ని వాడొచ్చు. 40 నుంచి 30కి దిగితే 35 అనుకోవడం వల్ల పెద్ద నష్టం లేదు. 40 నుంచి 20కి దిగితే మాత్రం సగటు 30 కాస్త ఎక్కువ చెబుతుంది, 29.4 దగ్గర తీసుకోవాలి. అంతగా తగ్గనివ్వకపోవడమే మంచిది.

స్టాప్‌వాచ్‌ను గుండు ఊపు చివర్లో ఉన్నప్పుడు నొక్కాలనిపిస్తుంది, అక్కడ అది ఆగినట్టు కనిపిస్తుంది కాబట్టి. ఆ ఆగడమే ఇబ్బంది: ఎప్పుడు ఆగిందో కచ్చితంగా చెప్పలేం. అడుగున, వేగం అన్నింటికన్నా ఎక్కువ ఉన్న చోట ఒక నిలువు గీత పెట్టి, దారం ఒకే దిశలో ఆ గీత దాటేటప్పుడు నొక్కాలి. "మూడు, రెండు, ఒకటి, సున్నా" అని లెక్కపెట్టి సున్నా దగ్గర మొదలుపెట్టాలి. "ఒకటి" దగ్గర మొదలుపెట్టినవాళ్లు ఇరవై అనుకుని పంతొమ్మిదే కొలుస్తారు. ఐదు శాతం పోయినట్టే.

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటే పని చాలా తేలికవుతుంది. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఐదు డోలనాలు కొలిస్తే డోలనానికి ఒక మిల్లీసెకను లోపలి అనిశ్చితి. 10 డిగ్రీల ప్రభావం 4 మిల్లీసెకన్లకు దగ్గర కాబట్టి అది కూడా అందుతుంది. కొన్ని ఫోన్లలో ఫ్రేముల వేగం స్థిరంగా ఉండదు. ఒక నిమిషం పాటు డిజిటల్ స్టాప్‌వాచ్‌ను వీడియో తీసి ఫ్రేములు లెక్క సరిచూసుకోవాలి. ఫోటోగేట్ (కాంతి కిరణానికి ఏదైనా అడ్డొచ్చిన క్షణాన్ని నమోదు చేసే పరికరం) ఉంటే కాంతి కిరణం గుండు మధ్యలో తగిలేలా అడుగున పెట్టాలి. అది సరిగ్గా అడుగున లేకపోతే వరుస సమయాలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా వస్తుంటాయి. రెండు కలిపితే వచ్చే పూర్తి ఆవర్తన కాలం మాత్రం సరిగ్గానే ఉంటుంది.

కోణాలను వరుసగా పెంచుకుంటూ పోవద్దు. 10, 60, 20, 45, 30, మళ్లీ 10 అనే క్రమంలో కొలవాలి. మొదటి 10కీ చివరి 10కీ ఒకే విలువ వస్తే దారం జారలేదని అర్థం. రాకపోతే మధ్యలోవన్నీ మళ్లీ చేయాల్సిందే.

గ్రాఫు దగ్గర

ఆవర్తన కాలాన్ని కోణం మీద గీస్తే మొదట దాదాపు అడ్డంగా సాగి తర్వాత పైకి వంగే గీత వస్తుంది. మొదటి భాగం చూసి "15 డిగ్రీల దాకా ప్రభావం లేదు, ఆ తర్వాత మొదలైంది" అని రాసేస్తారు. అలాంటి గడప ఏదీ లేదు. ఆవర్తన కాలాన్ని కోణపు వర్గం మీద గీయాలి. 30 డిగ్రీల దాకా బిందువులు తిన్నని గీత మీద పడతాయి. ఆ గీత నిలువు అక్షాన్ని తాకే చోటు అతి చిన్న ఊపుకు ఆవర్తన కాలం. కోణం రేడియన్లలో ఉంటే గీత వాలు ఆ కాలంలో పదహారో వంతు. వచ్చిన వాలు ఇంతకన్నా బాగా ఎక్కువైతే దారం సాగిందని, బాగా తక్కువైతే దారం వంపు మీద చుట్టుకుంటోందని లేదా ఊపు అండాకారమైందని అనుమానించాలి. 45, 60 డిగ్రీల బిందువులు గీతకు కాస్త పైన ఉంటాయి. అది తప్పు కాదు; పెద్ద కోణాల్లో కోణపు వర్గంతో పాటు నాలుగో ఘాతం లాంటి తర్వాతి పదాలూ సూత్రంలో లెక్కకొస్తాయి.

10 డిగ్రీల లోపు తేడా దొరకకపోతే నివేదికలో రాయాల్సింది "తేడా లేదు" అని కాదు. "మా కొలత అనిశ్చితి ఇంత, అంతకు మించిన తేడా కనబడలేదు" అని. 'చిన్న కోణం' అంటే ఎన్ని డిగ్రీలు అన్నది కూడా ఆ అనిశ్చితే తేలుస్తుంది. లోలకంతో గురుత్వ త్వరణం కొలిచేవాళ్లు 20 డిగ్రీల ఊపు వాడి మామూలు సూత్రంలో పెడితే జవాబు ఒకటిన్నర శాతం తక్కువ వస్తుంది. కొందరికి అది పట్టింపు కాదు, కొందరికి ప్రయోగమే వృథా.

స్టాప్‌వాచ్ లేకుండానే ఈ తేడాను కళ్లకు చూపించే మార్గం ఒకటుంది. ఒకే పొడవున్న రెండు లోలకాలను పక్కపక్కన కట్టి, ముందు రెండింటినీ 5 డిగ్రీల నుంచి కలిపి వదిలి, యాభై డోలనాల దాకా జోడు తప్పకుండా పొడవులు సరిచేయాలి. తర్వాత ఒకదాన్ని 5 డిగ్రీల నుంచి, రెండోదాన్ని 40 నుంచి ఒకేసారి వదలాలి. మొదటి రెండు మూడు ఊపులు కలిసే సాగుతాయి. అయిదారు అయ్యేసరికి పెద్దది వెనకబడటం కనిపిస్తుంది. పదిహేను, ఇరవై దగ్గరికి వచ్చేసరికి ఒకటి కుడికి పోతుంటే ఇంకొకటి ఎడమకు వస్తుంటుంది.

గడియారాల వాళ్లకు ఈ తేడా మొదటి నుంచీ తలనొప్పే. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1656లో లోలక గడియారం రూపొందించాడు. అప్పటి యంత్రాంగంలో లోలకం చాలా వెడల్పుగా ఊగాల్సి వచ్చేది. గుండు వృత్తచాపంలో కాక సైక్లాయిడ్ వక్రంలో (దొర్లే చక్రం అంచు మీది బిందువు గీసే వంపులో) కదిలితే ఊపు ఎంతైనా సమయం మారదని ఆయన 1659లో కనుక్కున్నాడు. అందుకోసం దారానికి రెండు వైపులా వంపు పలకలు పెట్టాడు. దారం వాటి మీద ఆనుకుంటూ పెద్ద ఊపులో సరిగ్గా కావలసినంత పొట్టిదవుతుంది. అరిగిన బిరడా అంచు మన ప్రయోగంలో చేసే చెరుపే అక్కడ కొలిచి చేసిన మేలు. 1673లో అచ్చయిన తన గ్రంథంలో దీని గణితమంతా వివరించాడు. ఆచరణలో మాత్రం వంపు పలకలు కొత్త లోపాలు తెచ్చాయి. యాంకర్ ఎస్కేప్‌మెంట్ (లోలకం ఊపుకు ఒక్కో పన్ను చొప్పున గడియారం చక్రాన్ని వదిలే లంగరు ఆకారపు భాగం) వచ్చి ఊపును కొన్ని డిగ్రీలకు కుదించాక వాటి అవసరం తీరిపోయింది. చిన్న ఊపులో కూడా లెక్క మిగిలే ఉంటుంది: కోణపు వర్గాన్ని 1.65తో గుణిస్తే రోజుకు ఎన్ని సెకన్లు వెనకబడుతుందో వస్తుంది. 3 డిగ్రీలకు సుమారు 15 సెకన్లు. అంత స్థిరంగా వెనకబడితే పొడవు తగ్గించి సరిచేసుకోవచ్చు. నూనె చిక్కబడి ఊపు 3 నుంచి 2.9కి తగ్గితే గడియారం రోజుకు ఒక సెకను ముందుకు పోతుంది. గడియారం చేసేవాళ్లు ఊపు ఎంత అన్నదానికన్నా అది మారకుండా ఉందా అన్నదాన్నే ఎక్కువ పట్టించుకునేది ఇందుకే.

90 డిగ్రీలు దాటితే దారం పనికిరాదు, పైభాగంలో వదులైపోతుంది. తేలికైన గట్టి కడ్డీ, చివర గుండు, పైన బాల్ బేరింగ్ కావాలి. కడ్డీకీ బరువుంటుంది కాబట్టి పొడవు లెక్క మారుతుంది గానీ, కోణంతో నిష్పత్తి మారే తీరు అదే. 120 డిగ్రీలకు ఆవర్తన కాలం చిన్న ఊపుకు 1.37 రెట్లు, 150కి 1.76, 170కి 2.44. బేరింగు రాపిడి ఇక్కడ ఊపును త్వరగా తగ్గిస్తుంది కాబట్టి ఒక్క డోలనాన్నే, వీడియోతో కొలవాలి. 178 డిగ్రీల దగ్గర నిష్పత్తి 3.46, 179 దగ్గర 3.90. ఒక్క డిగ్రీ తేడాకు దాదాపు 13 శాతం మారుతుంది కాబట్టి అక్కడ సమయాన్ని మిల్లీసెకన్లలో కొలిచి లాభం లేదు. వదిలే కోణాన్ని డిగ్రీలో పదో వంతు దాకా పట్టుకోగలిగితేనే ఆ బిందువును గ్రాఫులో పెట్టాలి.